దిగిన అని చెప్పాలె

గిన్నెలో శనగలు మొలకెత్తాయి. అన్న పోయిన సంగతి నాకు మొదట చెప్పింది అవే.

రోజూ శనగలు నానబెట్టి గడప పక్కన పెడతాను. సాయంత్రం పూట అన్న గుర్రం వచ్చి మా గుమ్మం ముందు ఆగి, తిని, పోతుంది. ఆ వారం రాలేదు. పెళ్లిళ్ల రోజులు కదా, అన్నను ఎక్కడో దూరం పిలిచి ఉంటారు అనుకున్నాను. నీళ్లు మార్చి మళ్లీ అక్కడే పెట్టాను. ఒక పొద్దున చూస్తే ఒక్కో గింజకూ తెల్లటి తోక వచ్చి ఉంది. ఒళ్లో ఉన్న పూలు అక్కడే వదిలేసి, చెప్పులు తొడుక్కుని, నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉన్న వాళ్ల కొట్టానికి నడిచాను. సందు మొదట్లోనే టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు కనిపించాయి. ఇక ఎవరినీ ఏమీ అడగలేదు. ఒక కుర్చీలో కూర్చున్నాను.

నాకు చదువు రాదు. సంతకం గీస్తాను, అంతే. నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. ఆమెకూ ఆ మనిషి తెలుసు కాబట్టి ఎక్కడైనా ఎక్కువ చెబితే నా మొహం వంక చూస్తుంది. అన్న పేరు రాయొద్దన్నాను. తన గుర్రానికే పేరు పెట్టని మనిషి ఆయన. ఎందుకు పెట్టలేదని అడిగితే, "పేరు వెడితె పిలువాలె చెల్లె. పిలిస్తె వస్తది. రావద్దన్నప్పుడు గూడ వస్తది" అనేవాడు.

ఆయనది పెళ్లి గుర్రం పని. పెళ్లికొడుకును ఎక్కించుకుని, బ్యాండు వెనకాల, ఫంక్షన్ హాలు గేటు దాకా నడిపించాలి. పొడుగు మనిషి, మెడ కొంచెం ముందుకు వంగి ఉండేది, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు. ఎప్పటిదో బ్యాండువాళ్ల ఎర్ర కోటు, ఎండాకాలం కూడా విప్పేవాడు కాదు. ఆ కోటు జేబులో శనగలుండేవి. గుర్రానికి ఒక గుప్పెడు, తనకు ఒక చిటికెడు. ఇద్దరూ ఒకేలా నమిలేవాళ్లు, దవడలు పక్కకు తిప్పుతూ. తెల్ల ఆడగుర్రం అది. మెట్రో కింద నుంచి పోతున్నప్పుడు పైన రైలు వస్తే దాని చర్మం మీద గాలికి నీళ్లు కదిలినట్టు ఒక అల పాకేది. అన్న మెడ మీద కూడా అదే అల కనిపించేది నాకు.

నేను ఇంట్లో పూలు గుచ్చుతాను. జాంబాగ్ నుంచి పూలు తెస్తాను, దండ కట్టి దుకాణానికి ఇస్తాను. గుర్రం మెడలోకి దండ కావాలని అన్న మా ఇంటికి రావడం మొదలైంది. నన్ను చెల్లె అన్నాడు, దాంతో మా ఆయన బావ అయ్యాడు. బావను ఏడిపించే హక్కు తనకు ఉందన్నట్టే మాట్లాడేవాడు.

అన్నలో ఒక వింత ఉంది. గుర్రం పగ్గం పట్టుకుని ముందు నడిచేటప్పుడు ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడడు. మీద ఎవరున్నారో, ఎలా కూర్చున్నారో, పడిపోతున్నారో చూడడు. తల తిప్పకుండానే మాట్లాడతాడు.

"పెండ్లికొడకా, నడుము నిలువుగ వెట్టు. రేపటి సంది ఎట్లాగూ వంగుతది."

జనం నవ్వేవాళ్లు. ఆయన నవ్వడు. "ఎడమ దిక్కు వాలుతున్నవు. అత్తగారిల్లు కుడి దిక్కున్నది" అనేవాడు. వెనక్కి చూడకుండా ఎలా తెలుసని అడిగితే పగ్గం చూపించేవాడు. "ఇది చెప్తది. మనిషి బరువు దీంట్ల నుంచి నా చేతికొస్తది. కండ్లతోని జూస్తె మనిషి ఒక్కడే గనవడ్తడు. బరువు అబద్ధమాడదు."

ఇంకొకటి ఉంది. గుర్రం ఎక్కేటప్పుడు ఎవరూ ఏమీ అనక్కర్లేదు. దిగేటప్పుడు మాత్రం ఎడమ పక్క నుంచి దిగి, దాని మెడ మీద చెయ్యి వేసి, "దిగిన" అని చెప్పాలి. ఎంత గొప్ప ఇంటి పెళ్లికొడుకైనా సరే. చెప్పేదాకా అన్న పగ్గం వదిలేవాడు కాదు. ఒకసారి ఉస్మాన్‌గంజ్ వ్యాపారుల పెళ్లిలో, మేనమామ ఒకాయన కోపానికి వచ్చాడట. "దిగినోడు ముంగట్నే నిలవడ్డడు గదా, గుడ్డోనివా?" అన్నాడట. "నాకు గనవడ్తుండు సాబ్. దానికి గనవడ్తలేడు" అని అన్న గుర్రాన్ని చూపించాడట. పెళ్లికొడుకు చెప్పేదాకా బ్యాండు వాయిస్తూనే ఉండాల్సి వచ్చిందట. ఇవి మా ఇంట్లో చెప్పుకుని నవ్వుకునే ముచ్చట్లు.

మా ఆయన ఆబిడ్స్‌లో సూట్‌కేసుల దుకాణంలో పనిచేసేవాడు. పొద్దంతా ఒక స్టూలు మీద కూర్చుని, ఊళ్లకు పోయేవాళ్లకు సూట్‌కేసులు తెరిచి చూపించేవాడు. ఏ ఊరికి పోతున్నారో తప్పకుండా అడిగేవాడు. ఇంటికొచ్చి అన్నం తింటూ, "ఇయ్యాల ఒకాయన గోవాకు, ఒకామె కొడుకును జూడనీకి మద్రాసుకు" అని చెప్పేవాడు, తానే పంపించినట్టు. ఆయన మాత్రం పుట్టి పెరిగిన ఊరికి తప్ప రైలెక్కి ఎక్కడికీ పోలేదు. సముద్రం చూడలేదు.

పెళ్లిళ్లు లేని నెలల్లో, మూఢం వచ్చినప్పుడు, అన్న గుర్రాన్ని డీసీఎం లారీలో ఎక్కించి బాపట్ల పక్క సముద్రానికి తీసుకుపోయేవాడు. అక్కడ ఆయన తమ్ముడు ఒడ్డున జనాన్ని గుర్రం ఎక్కించి తిప్పుతాడు. ఒక ఏడు పోతూ పోతూ మా గుమ్మం ముందు ఆగాడు.

"బావా, ఎన్నేండ్లు అందర్ని సాగదోలుతవు? నువ్వు గూడ ఒకపారి పో. నేను గాడ్నే ఉంట."

"సముద్రం నీళ్లు నిజంగనే ఉప్పగుంటయా అన్నా?" అని మా ఆయన అడిగాడు.

"లేదు, నీ కోసమని శక్కరి ఏపిస్త. రా."

మా ఆయన దుకాణంలో అడిగి, మూత సరిగ్గా పడక పక్కన పెట్టిన సూట్‌కేసు ఒకటి తెచ్చాడు. అందులో నింపిన కాగితం ఉండలు తియ్యడం మరిచిపోయి వాటి మీదే బట్టలు సర్దాడు. బిడ్డ అప్పటికి బడికి పోతోంది. ముగ్గురం నాంపల్లి స్టేషన్లో రైలెక్కాం. కిటికీ దగ్గర ఆయనే కూర్చున్నాడు. బిడ్డ అడిగినా ఇవ్వలేదు.

పొద్దున్నే ఒడ్డుకు పోయాం. మంచు పట్టి ఉంది. నీళ్లు ఎక్కడ మొదలవుతాయో, ఆకాశం ఎక్కడ దిగుతుందో తెలియడం లేదు. చప్పుడు మాత్రం ఉంది. అంత చప్పుడులో మనుషులు నోరు కదిపితే బొమ్మల్లా ఉన్నారు. అన్న ఎర్ర కోటుతో గుర్రాన్ని పట్టుకుని నిలబడ్డాడు. బిడ్డ ఎక్కింది, కాసేపు తిరిగింది, దిగి, మెడ మీద చెయ్యి వేసి "దిగిన మామా" అని చెప్పింది. నన్నూ ఎక్కించారు. చీర మడిచి పట్టుకుని, కళ్లు మూసుకుని, పదడుగులు పోకముందే దింపమన్నాను. నేనూ చెప్పాను, దిగిన అని.

తర్వాత మా ఆయన ఎక్కాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకున్నాడు. ఎక్కి కూర్చున్నాక ఆయన మొహం చూశాను. పెళ్లినాడు కూడా ఆ మొహం చూడలేదు నేను. రెండు చేతులూ ముందుకు చాపి జీను కొమ్ము పట్టుకున్నాడు. అన్న పగ్గం పట్టుకుని తడి ఇసుక మీద నడిచాడు. కాసేపు ఎర్ర కోటు కనిపించింది. తర్వాత అదీ మంచులో కలిసిపోయింది.

చాలాసేపు రాలేదు. బిడ్డ గవ్వలు ఏరి, విసుగొచ్చి, వాటిని మళ్లీ నీళ్లలో పారేసింది. అప్పుడు కనిపించాడు అన్న. మా వైపే వస్తున్నాడు, మెడ ముందుకు వంచి, మాట్లాడుతూ. వెనక గుర్రం. గుర్రం మీద ఎవరూ లేరు.

"గట్లనే కూసో బావా. వచ్చేసినం. చెల్లె తిడ్తది ఇగ" అంటున్నాడు.

"అన్నా, ఆయనేడి?" అన్నాను.

"మీద ఉన్నడు గదనే."

"మీద ఎవరు లేరు."

ఆయన వెనక్కి చూడలేదు. పగ్గం నా చేతికిచ్చాడు. "పట్టుకో. పట్టుకోని చెప్పు."

పట్టుకున్నాను. నాకు గుర్రాల సంగతి తెలియదు. కానీ నిండు బిందె చేతిలో ఉంటే ఎలా ఉంటుందో తెలుసు, ఖాళీ బిందె ఎలా ఉంటుందో తెలుసు. ఆ పగ్గం నిండుగా ఉంది. గుర్రం అడుగు వేస్తే జీను కదిలింది. రెండు పక్కలా వేలాడే ఇనుప రికాబులు మాత్రం కదలలేదు. ఎవరో పాదాలు పెట్టి నొక్కి ఉంచినట్టు నిలువుగా ఉన్నాయి.

అప్పుడు అన్న తిరిగి చూశాడు. ఆయన గుర్రం వైపు తిరిగి చూడడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఎర్ర కోటులో మనిషి సున్నం కొట్టిన గోడలా అయిపోయాడు.

"ఇప్పటిదాక నాతోని మాట్లాడిండు" అన్నాడు.

ఇంతలో మంచులో నుంచి మా ఆయన నడుచుకుంటూ వచ్చాడు. మోకాళ్ల దాకా తడి, చేతిలో చెప్పులు, నవ్వుతున్నాడు. గుర్రం ఆగినప్పుడు దిగాడట, నీళ్లలో నడవాలనిపించిందట. అన్నకు చెబితే వద్దంటాడని చప్పుడు కాకుండా దిగాడట. నీళ్లు నాకి చూశాడట. "నిజంగనే ఉప్పగున్నయే" అని నాకు చెప్పాడు, ఇంకేమీ జరగనట్టు.

అన్న ఆయన రెక్క పట్టుకున్నాడు. "బావా, మళ్లెక్కు. ఎక్కి, దిగి, చెప్పు. జర నా మాట ఇను."

"దిగినోన్ని మళ్లెందుకు దిగాలె? రైలు టైమయితుంది."

"నీ కాళ్లు మొక్కుత."

"అగో, బావమరిది కాళ్లు మొక్కుతుండు, ఫోటో తియ్యిరి" అని మా ఆయన నవ్వాడు. బిడ్డ నవ్వింది. నేనూ నవ్వాను. పగ్గం పట్టుకున్న చెయ్యి మాత్రం చీరకు తుడుచుకుంటూనే ఉన్నాను.

ఇంటికి వచ్చాక మొదట ఏమీ లేదు. చెప్పుల్లో ఇసుక ఉంటే దులిపాను. మరుసటి వారం మళ్లీ దులిపాను. దీపావళి పోయాక కూడా దులిపాను. ఆయన పొద్దున ఆబిడ్స్ పోయి సాయంత్రం ఇంటికి వచ్చేవాడు, అంతే. అయినా చెప్పుల్లో ఇసుక ఉండేది. కూర్చున్నప్పుడు ముందుకూ వెనక్కూ కొంచెం ఊగేవాడు. "నాన్న ఇంకా గుర్రం మీదనే ఉన్నడు" అని బిడ్డ అనేది. ఆయన ఆగి, సిగ్గుపడి, కాసేపటికి మళ్లీ ఊగేవాడు.

ఆ చలికాలంలోనే దుకాణంలో స్టూలు మీద కూర్చుని ప్రాణం పోయింది. గుండె అన్నారు దవాఖానలో. పక్కనున్న పిల్లలు చాలాసేపు గమనించలేదట, కూర్చునే ఉన్నాడు కదా అని. రెండు చేతులూ ముందుకు చాపి, ఏదో పట్టుకున్నట్టు ఉన్నాయట.

నా చేతి దండలు పెళ్లిళ్లకు వద్దన్నారు దుకాణంవాళ్లు. దేవుడికీ, సావులకీ ఇమ్మన్నారు. అన్న ఒక్కడే ఎప్పటిలా వచ్చి గుర్రానికి దండ కట్టమన్నాడు. ఎవరో వాకిట్లోనే అడిగారు, శుభకార్యానికి ఆమె చేతి పూలేందని. "గుర్రం పసుపు కుంకుమ జూడదు తల్లీ, వాసన జూస్తది" అన్నాడు. కానీ ఆ దండ తెల్ల గుర్రానికి కాదు. ఇంకో గుర్రం కొన్నాడు, గోధుమ రంగుది. పెళ్లిళ్లకు దాన్ని పంపేవాడు. తెల్లదాన్ని జీను వేసి, ఖాళీగా, సాయంత్రం ఒక చుట్టు తిప్పి తెచ్చేవాడు.

అలా మొదలైంది. రోజూ మా గుమ్మం ముందు ఆగేవాడు. వీధి వైపు మొహం పెట్టి, వెనక్కి చూడకుండా, "బావా, ఇల్లొచ్చింది. దిగుతవా?" అని అడిగేవాడు. కాసేపు వినేవాడు. తల ఊపి, పగ్గం అదిలించి, పోయేవాడు.

మొదట్లో నేను తలుపు వేసుకునేదాన్ని. తిట్టాను కూడా. "సచ్చినోన్ని గిట్ల వీధుల తిప్పుతవా, నీకేం బుద్ధున్నదా?" అన్నాను. "నేను తిప్పుతలేను చెల్లె. ఆయన దిగుతలేడు. నేనడిగితె వినడు. నువ్వడుగు. ఇంటిది అడిగితె ఎవడైన దిగుతడు" అన్నాడు. "దిగితె ఏమయితది?" అంటే, "ఏమయితది, సవారి అయిపోతది. పోతడు" అన్నాడు.

పోతాడు. ఆ మాట నా చెవిలో పడింది. అందుకే అడగలేదు. దిగమని ఒక్క మాట అంటే, ఆ సాయంత్రం డెక్కల చప్పుడు కూడా ఉండదు. తలుపు తీసి పెట్టడం మొదలుపెట్టాను. తర్వాత శనగలు పెట్టాను. గుర్రం తింటుంటే నేను రికాబుల వైపు చూసేదాన్ని. తల వంచి, మెడ ఆడించి, ఈగలకు చర్మం విదిలించినా అవి ఊగేవి కావు. రాత్రి కొట్టంలో జీను దింపేటప్పుడు కూడా అన్న, "బావా, జర లే" అని అడిగి దింపేవాడని అన్న భార్య చెప్పింది.

బిడ్డ పెళ్లి నాంపల్లిలోనే, ఒక హాలులో చేశాం. పెళ్లికొడుకువాళ్లకు తెల్ల గుర్రమే కావాలి. అన్న దగ్గరికే పోయి అడిగారు. "అది ఖాళీ లేదు" అన్నాడట. వేరే పెళ్లికి కుదిరిందేమో అనుకుని గోధుమదాన్ని ఒప్పుకున్నారు. ఊరేగింపు వస్తుంటే నేను ముందుకు పోలేదు, స్తంభం వెనక నిలబడ్డాను. విధవరాలిని, ఎవరూ పొమ్మనకపోయినా నా చోటు నాకు తెలుసు. రోడ్డు అవతల, ట్యూబులైట్ల వెలుతురు పడని చోట, ఎర్ర కోటు కనిపించింది. పక్కన తెల్ల గుర్రం, జీనుతో. అన్న మా వైపు మొహం పెట్టి, వెనక ఉన్నవాడికి అన్నీ చెబుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. "అగో బిడ్డ. అగో అల్లుడు. జర పొట్టిగున్నడు గని మంచోడే." నాకు వినిపించలేదు, కానీ ఆ మాటలే అని తెలుసు. బ్యాండు డప్పు పెద్దగా మోగింది, గోధుమ గుర్రం బెదిరింది. తెల్లది కదలలేదు. మీద మనిషి ఉన్న గుర్రం ఎలా నిలబడుతుందో అలా నిలబడింది. ఆ రాత్రి నేను ఏడవలేదు. తండ్రి లేని పెళ్లి అని అందరూ అంటుంటే ఊరుకున్నాను.

ఇప్పుడు అన్న పోయాడు. పదోరోజు అయ్యాక అన్న భార్య కబురు పంపింది. తమ్ముడు సముద్రం నుంచి డీసీఎం తెచ్చాడని, తెల్లదాన్ని తీసుకుపోతున్నాడని. పొద్దున్నే శనగలు గిన్నెలో వేసుకుని పోయాను. ఈసారి అడగాలని నిశ్చయించుకునే పోయాను. అడిగేవాడు లేడు ఇక. నేను అడగకపోతే మా ఆయన ఎక్కడో తెలియని ఒడ్డుకు పోతాడు. ఎవరు దింపుతారు?

గుర్రం ముసలిదైంది. కళ్ల చుట్టూ గుంటలు పడ్డాయి. జీను వేసే ఉంది.

"మీ అన్న జీను ఇప్పొద్దన్నడు వదినె, నువ్వొచ్చేదాక" అంది అన్న భార్య. "ఉప్పు నీళ్లల్ల నడిస్తె దాని కాళ్లకు మంచిదంట. మరిది ఎవ్వర్ని ఎక్కియ్యనన్నడు. నేనన్ని చెప్పిన."

ఆమే మళ్లీ అడిగింది.

"ఆ దినం ఒడ్డున గుర్రం మీదికెంచి మీ ఆయన ఏం మాట్లాడిండో మీ అన్న నీకు చెప్పిండా?"

"లేదు. ఎన్నిసార్లడిగినా మాట మార్చిండు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పోయేముంగట నాకు చెప్పిండు. ఒక్కటే మాటంట. ‘ఇంకొంచెం దూరం అన్నా’ అని. మీ గుమ్మం ముంగట ఆగి దిగుతవా అంటె గూడ దినాం గదే మాటంట. నీకు చెప్తె బాధైతదని చెప్పలే."

నాకు మొదట కోపం వచ్చింది. నా గుమ్మం ముందు, నా శనగలు తింటున్న గుర్రం మీద కూర్చుని, ఇంకొంచెం దూరం అన్నాడా. నేను లోపల ఉన్నానని తెలిసి కూడా.

తమ్ముడు డీసీఎం వెనక చెక్క వేశాడు. పగ్గం పట్టి లాగాడు. గుర్రం కదలలేదు. శనగలు పెడితే కొన్ని తింది, మళ్లీ నిలబడింది. అందరూ నా వైపు చూశారు. నేను దాని ఎడమ పక్కకు పోయాను. మెడ మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. దిగండ్రి అనడానికి నోరు తెరిచాను.

స్టూలు గుర్తొచ్చింది. ఆబిడ్స్‌లో ఆ స్టూలు మీద కూర్చుని, ఎవరు ఏ ఊరికి పోతున్నారో అడుగుతూ, సూట్‌కేసులు మూసి తాళాలు వాళ్ల చేతిలో పెట్టిన మనిషి. ఆయన చెప్పుల్లో ఇసుకను ఎన్నిసార్లు దులిపానో నేను.

"పైలంగ పోండ్రి" అన్నాను. "చలైతది. తల తడువనియ్యకుండ్రి."

గుర్రం నిట్టూర్చింది. తానే చెక్క ఎక్కింది. చెక్క బాగా వంగి కిర్రుమంది. తమ్ముడు ముందు నడుస్తున్నాడు, అన్నలాగే మెడ వంచి, వెనక్కి చూడకుండా. ఆ ఎత్తు చెక్క మీద గుర్రం నాలుగు కాళ్లూ తడబడ్డాయి, జీను పక్కకు వాలి సర్దుకుంది. రికాబులు ఊగలేదు.

డీసీఎం సందు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. ఇంటికి వచ్చి, గిన్నె కడగబోతే అడుగున నాలుగు శనగలు మిగిలి ఉన్నాయి. పారెయ్యబుద్ధి కాలేదు, నోట్లో వేసుకున్నాను.

ఉప్పగా ఉన్నాయి. మంచినీళ్లలోనే నానబెట్టాను నేను.